నేలపట్టు పక్షులకు నికాన్ ఆక్యులాన్ ఎ211 (8×42) సరిపోతుందా?

తిరుపతి జిల్లాలో కొంగలు చూడాలంటే దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు పక్షి అభయారణ్యానికే పోవాలి. అక్టోబరు నుంచి మార్చి దాకా చెరువులోని నీటికడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని సాకుతాయి. గట్టు మీంచి ఉత్త కళ్లతో చూస్తే చెట్టంతా తెల్లగా కనబడుతుంది, అంతే. ఈ పనికి ఈ నికాన్ బైనాక్యులర్ చక్కగా నప్పుతుంది. 8×42 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు లెన్స్ వెడల్పు 42 మిల్లీమీటర్లు.

ఎనిమిది రెట్లు సరిపోతాయా అని చాలామందికి అనుమానం. చాలు. దీని చూపు వెడల్పు 8 డిగ్రీలు. అంటే వంద మీటర్ల దూరంలో 14 మీటర్ల మేర ఒక్కసారే కనబడుతుంది. ఇదే రకంలో 10×42 తీసుకుంటే 6 డిగ్రీలే. ఎగిరొచ్చే గూడబాతుని వెతికి పట్టుకోవడంలో ఆ తేడా బాగా తెలుస్తుంది. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకూ పెరుగుతుంది. జూమ్ రకాల జోలికి అసలు పోకండి, జూమ్ పెంచితే చూపు ఇరుకై బొమ్మ మసకబారుతుంది.

కొన్న రోజే ఇంట్లో సర్దుకోవాలి. ముందు రెండు గొట్టాలనూ మడిచి, లోపల కనబడే రెండు వలయాలూ ఒకటయ్యేలా కళ్ల దూరం కుదర్చండి. కుడి లెన్స్ మూసి, ఎడమ కంటితో దూరంగా ఉన్న బోర్డు అక్షరాలు చూస్తూ నడిమి చక్రం తిప్పండి. తర్వాత ఎడమది మూసి, చక్రం ముట్టకుండా కుడి కంటి దగ్గరి రింగు మాత్రం తిప్పండి. ఆ రింగు ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి, ఇక దాంతో పనిలేదు. కాసేపటికే తలనొప్పి వస్తోందంటే చాలావరకు ఈ సర్దుబాటు కుదరకే.

అన్నీ కుదిరాక నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో మిగిలే సందు, గూడబాతు పైముక్కు అంచున వరసగా ఉన్న చుక్కలు, తల్లి ముక్కు కింది సంచిలోకి తల దూర్చి తినే పిల్ల, ఇవన్నీ విడిగా తెలుస్తాయి. పొద్దున్నే వెళ్లి సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకోండి. మార్చిలో ఎండెక్కితే సెగకి బొమ్మ అలలాడుతుంది, అది లెన్స్ తప్పు కాదు.

కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు ఇది వద్దంటాను. కంటికీ లెన్స్‌కీ మధ్య 12 మిల్లీమీటర్ల దూరమే ఉంది, అంచులు కనబడవు. బరువు 755 గ్రాములు, సన్న తాడు మెడ కోసేస్తుంది, వెడల్పు పట్టీ వేసుకోండి. నీళ్లు ఆపే సీలు లేదు కాబట్టి వానలో బయటికి తీయకూడదు. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, కాసేపు సంచిలోనే ఉంచి తీయండి. ఇంట్లో సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టకపోతే మన తేమకి బూజు పడుతుంది.