తప్తపాణి ఘాట్‌లో మా చిన్న ఈవీ, బావ టర్బో

నాది 24 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న టియాగో ఈవీ, అంటే కరెంటు కారు, మా బావది పెట్రోల్ కారు ఐ20 ఎన్ లైన్, 1 లీటర్ టర్బో ఇంజిన్, పవర్ 120 పీఎస్. నాది 75 పీఎస్సే గానీ ఒడిశా బరంపురం సందుల్లో స్పోర్ట్ మోడ్ పెట్టి తొక్కితే ఆ లాగుడే వేరబ్బా, గేర్ల గోల లేదు. హైవే ఎక్కాక మాత్రం బావని పట్టుకోలేం. మొన్న తప్తపాణి ఘాట్ దిగేటప్పుడు రీజెన్ (కారు నెమ్మదిస్తూ బ్యాటరీని చార్జ్ చేసుకునే పద్ధతి) అన్నిటికంటే ఎక్కువ లెవెల్ 3లో పెట్టేసా, బ్రేక్ తొక్కిందే తక్కువ, పైగా చార్జి ఒక శాతం వెనక్కొచ్చిందని చిన్నపిల్లాడిలా సంబరపడ్డా, ఈలోపు వెనక మలుపులో బావ సెకండ్ గేర్‌లో రేజ్ చేశాడు... ఆ సౌండ్‌కి కుళ్ళొచ్చేసింది, నిజం చెప్తున్నా. దార్లో ఓ ఫాస్ట్ చార్జర్ చచ్చిపోయుంది, టిఫిన్ కొట్టు 15 ఆంప్స్ ప్లగ్గే దిక్కు, రెండు గంటలు బొరా ఘుగుని (గారెలు, బఠాణీ కూర) తింటూ కూర్చున్నాం. ఊళ్ళో తిరగడానికైతే కళ్ళు మూసుకుని ఈవీనే కొనండి.