మోటుపల్లి మలుపులో ఎండలో దింపేసి పోయారు: కోస్తా టూర్‌కి అడ్వాన్సు కట్టేవాళ్ళు జాగ్రత్త

నిన్న రాత్రి పదకొండున్నరకి ఇల్లు చేరాం. సామాను ఇంకా హాల్లోనే పడి ఉంది. నాన్న చీరాలలో సెలైన్ పెట్టించుకుని వచ్చి పడుకున్నారు. ఈ కోపం చల్లారకముందే రాసేయాలి. చల్లారితే నేను కూడా పోనీలే అని ఊరుకుంటాను, ఇంకో పది కుటుంబాలు వాళ్ళకి డబ్బు కడతాయి.

ఎవరి గురించి రాస్తున్నానో మీలో చాలామందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. వేసవి సెలవులు మొదలైన దగ్గర నుంచి బెజవాడ అపార్ట్‌మెంట్ గ్రూపులన్నిట్లో తిరుగుతున్న మూడు రోజుల కోస్తా టూరు పోస్టరు ఉంది కదా, వాళ్ళే. ఫిర్యాదు పెడుతున్నాను కాబట్టి పేరు ఇక్కడ రాయను.

విషయం క్లుప్తంగా చెప్తాను. బందరు, ఘంటసాల, భట్టిప్రోలు, బాపట్ల, సూర్యలంక, చీరాల, వేటపాలెం, చివర్లో ఒకప్పటి రేవు ఊరు మోటుపల్లి. ఈ దారి నేను వేసుకున్నది కాదు, మా నాన్న వేసుకున్నది. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు 74 ఏళ్ళు. ముప్పై ఏళ్ళు పిల్లలకి మోటుపల్లి శాసనం పాఠం చెప్పారు, ఒక్కసారి కూడా ఆ ఊరు వెళ్ళలేదు. ఈ వేసవిలో తీసుకెళ్తానని మాట ఇచ్చాను. మా ఆయనకి సెలవు దొరకలేదు. నేను, అమ్మ, నాన్న, తొమ్మిదో తరగతి అయిపోయిన మా అబ్బాయి. నలుగురం.

మొత్తం 26,000. కారు, డీజిలు, డ్రైవరు బత్తా, సూర్యలంకలో రెండు రాత్రులు రెండు రూములు, అన్నీ అందులోనే అని ఫోన్లో చెప్పాడు ఓనరు. ఫోన్లో! కాయితం మీద కాదు, కనీసం వాట్సాప్‌లో కూడా కాదు. 15,000 అడ్వాన్సు ఆ పూటే కొట్టేశాను. మా మరిది అడిగాడు, "వదినా, బండి ఆర్‌సీ ఫొటో పంపమన్నావా, ఏమేం కలుపుతారో రాసిమ్మన్నావా" అని. "వాళ్ళు బాగా మాట్లాడారులే" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇవాళ నా మీద నాకే మండుతోంది.

గురువారం పొద్దున ఆరింటికి ఇన్నోవా రావాలి. ఏడుంబావుకి తెల్ల నంబరు ప్లేటున్న ఎర్టిగా వచ్చింది. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే టాక్సీ, తెల్ల ప్లేటంటే సొంత బండి, కిరాయికి తిప్పకూడదు. ఇది నాకు తెలుసు. తెలిసీ ఎక్కాను. అమ్మా నాన్నా అప్పటికే మెట్లు దిగి కింద నిలబడ్డారు, మళ్ళీ పైకి పంపడం ఇష్టం లేక.

బందర్లో డచ్చివాళ్ళ సమాధుల దగ్గర అరగంటైనా నిలవనివ్వలేదు డ్రైవరు. నాన్న మా వాడికి 1864 ఉప్పెన గురించి చెప్తున్నారు, ఒక్క రాత్రిలో ముప్పై వేల మంది దాకా పోయారట, ఆ దెబ్బకి బందరు రేవు మళ్ళీ కోలుకోలేదని. మధ్యలోనే హారన్ కొట్టాడు. పెడనలో కలంకారీ అచ్చులు చూద్దామంటే దారి కాదన్నాడు. ఘంటసాల అయితే అసలు ఆపనే లేదు, రోడ్డు బాలేదని. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళ పండితుడు రాసిన రేవు పట్నం అది, నాన్న రాత్రంతా నోట్సు రాసుకున్నారు దాని మీద. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు, ఏమీ అనలేదు. పులిగడ్డ వారధి దాటాక భట్టిప్రోలు స్తూపం దగ్గర మాత్రం నేను గట్టిగా పట్టుబట్టి దిగాను. 1892లో అక్కడే ధాతు కరండాలు, అంటే బౌద్ధుల పవిత్ర అవశేషాలు దాచే పెట్టెలు, బయటపడ్డాయి, వాటి మీది రాత మన నేల మీద దొరికిన అతి పాత రాతల్లో ఒకటి. నాన్న ఆ ఇటుకల పక్కన కూర్చుని ఫొటో తీయించుకున్నారు. ఈ యాత్రలో మిగిలిన మంచి ఫొటో అదొక్కటే.

సూర్యలంక చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. మా పేరు మీద రూము లేదు. ఓనరు ఫోను ఎత్తలేదు. బాపట్ల వెనక్కి వచ్చి లాడ్జి వెతుక్కున్నాం, రెండు రాత్రులకీ నా చేతి డబ్బే. అక్కడే తిరిగి వచ్చేయాల్సింది. భావనారాయణస్వామి దర్శనం అయింది, చీరాల చూశాం, శుక్రవారం సాయంత్రం డ్రైవరు "డీజిలుకి లేవు మేడమ్, బ్యాలెన్సు ఇప్పించండి, రూముల డబ్బు సార్ రేపు తిరిగి వేస్తారు" అన్నాడు. మిగతా 11,000 కూడా ఓనరుకే కొట్టేశాను. యాత్ర అయిపోకముందే పూర్తి డబ్బు చెల్లించడం నేను చేసిన అన్ని తప్పుల్లోకీ పెద్ద తప్పు. ఆ డబ్బు నా దగ్గరుండి ఉంటే శనివారం జరిగింది జరిగేది కాదు.

శనివారం. వేటపాలెంలో సారస్వత నికేతనం చూశాం, 1918 నాటి గ్రంథాలయం, గాంధీగారి చేతికర్ర ఇప్పటికీ అక్కడ దాచి ఉంచారు. నాన్న చిన్నపిల్లాడిలా అయిపోయారు. కారెక్కాక మోటుపల్లి గురించి మొదలుపెట్టారు. 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం. అంతకుముందు రాజులు తుపానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన వర్తకుల సరుకంతా, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, బలవంతంగా లాక్కునేవాళ్ళట. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని అంత దూరం సముద్రం మీద వచ్చినవాళ్ళు, వాళ్ళ దగ్గర నియమించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని గణపతిదేవుడు రాయి మీద చెక్కించాడు. తర్వాత మార్కోపోలో ముత్ఫిలి అని రాసింది ఈ రేవునే. మా వాడు మొదటిసారి ఫోను పక్కన పెట్టి విన్నాడు.

మోటుపల్లికి తిరిగే మలుపు దగ్గర డ్రైవరు బండి పక్కకి తీసి ఏసీ కట్టేశాడు. పన్నెండున్నర. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండ. ఓనరుకి ఫోను కలిపి స్పీకర్లో పెట్టాడు. రెండు రోజులుగా నా ఫోను ఎత్తనివాడు డ్రైవరు ఫోను మొదటి రింగుకే ఎత్తాడు.

"మేడమ్, ప్యాకేజీ 250 కిలోమీటర్లకే. అయిపోయింది. ఇంకో 6,500 కొట్టండి, బండి కదుల్తుంది."

"ఆ మాట ముందు ఎప్పుడు చెప్పారండీ?"

"చెప్పలేదని మీ దగ్గర కాయితం ఉందా?"

నా నోట మాట రాలేదు. బయల్దేరిన దగ్గర నుంచి మా వాడు మీటరు రాసుకుంటూనే ఉన్నాడు, అప్పటికి మొత్తం 300 కూడా దాటలేదు, బండి మూడు రోజులకి మాట్లాడుకున్నది. అవన్నీ చెప్పాను. రూముల డబ్బు సంగతి అడిగాను. అవతల నుంచి జవాబు లేదు, ఎవరితోనో నవ్వుతున్న చప్పుడు వినపడుతోంది. అప్పుడు బతిమాలాను. "పెద్దాయన ఉన్నారండీ, డెబ్బై నాలుగేళ్ళు, ఈ ఎండలో ఇలా ఆపేస్తే ఎట్లా, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాను.

"పెద్దాయన ఉన్నారు కాబట్టే చెప్తున్నానమ్మా. తొందరగా కొడితే తొందరగా ఇంటికెళ్తారు."

ఈ మాట నేను ఎప్పటికీ మర్చిపోలేను. డబ్బు పోతే పోయింది, మూడు నెలల్లో సంపాదించుకుంటాను. మా నాన్న వయసు చూపించి నన్ను బెదిరించాడు. ఆ మాట స్పీకర్లో నాన్న విన్నారు, అమ్మ విన్నది, పిల్లాడు విన్నాడు. నేను ఫోన్‌పే తెరిచాను, నిజం చెప్తున్నాను, కొట్టేద్దామనే తెరిచాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దమ్మాయ్. దారిలో చిక్కుకున్నవాడి దగ్గర లాక్కునేవాడికి ఒక్క రూపాయి ఇవ్వొద్దు" అని తలుపు తీసుకుని ఆయనే దిగారు.

డ్రైవరు సామాను తీసి మట్టిలో పెట్టాడు. నా మొహం వంక చూడలేదు. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాను డిక్కీలోనే ఉండిపోయింది. అమ్మ బీపీ మాత్రల సంచి సీటు వెనక జేబులో ఉండిపోయింది. ఫోను చేస్తే స్విచాఫ్.

చెట్టు లేదు. ఒక తుమ్మ మొక్క నీడలో నాన్నని బ్యాగు మీద కూర్చోబెట్టి నా చున్నీ పట్టుకుని నిలబడ్డాను. ఉప్పు మళ్ళలో పని ముగించుకుని ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారు. అడక్కుండానే తమ సీసాలో నీళ్ళు ఇచ్చారు, ఒకావిడ తలపాగా గుడ్డ తడిపి నాన్న మెడ మీద వేసింది, ఇంకొకావిడ ఎవరికో ఫోను చేసి ఆటో పిలిపించింది. డబ్బివ్వబోతే తీసుకోలేదు. ఆటో వచ్చేసరికి నాన్నకి కళ్ళు తిరిగాయి, నాలుక తడారిపోయింది. తిన్నగా చీరాల ఆసుపత్రికి. రెండు సీసాలు ఎక్కించారు. వడదెబ్బ మొదలైంది, ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు డాక్టరుగారు. రాత్రి చీరాల స్టేషన్లో రైలెక్కి వచ్చాం.

మోటుపల్లి చూడలేదు. మలుపు దాకా వెళ్ళి చూడలేదు.

పొద్దున ఓనరు నుంచి మెసేజి వచ్చింది: మధ్యలో దిగిపోయింది మీరే కాబట్టి రిఫండు ఉండదు. దిగిపోయింది మేమేనట. మందుల సంచి గురించి ఒక్క ముక్క లేదు.

ఈ వారం ఆ పోస్టరు చూసి బయల్దేరబోతున్నవాళ్ళకి, నాకిప్పుడు తోచినవి. బండి వచ్చాక ముందు ప్లేటు చూడండి, తెల్లదైతే మొహమాటం లేకుండా వెనక్కి పంపేయండి. తెల్ల ప్లేటు బండిని కిరాయికి తిప్పుతుండగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు క్లెయిము కాదనవచ్చు కూడా. నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే సొంత బండో టాక్సీయో తెలుస్తుంది. రోజుకి ఎన్ని కిలోమీటర్లు, దాటితే ఎంత, బత్తా, టోలు, రూములు, ఇవన్నీ వాట్సాప్‌లో అయినా రాయించుకుని వాళ్ళ చేత సరే అనిపించుకున్నాకే అడ్వాన్సు. సగానికి మించి ఇవ్వొద్దు, మిగతాది ఇంటి ముందు దిగాకే. రూములకి మీరే స్వయంగా ఫోను చేసి కనుక్కోండి. మందులు, మంచినీళ్ళు డిక్కీలో పెట్టకండి, ఒళ్ళోనే పెట్టుకోండి. ఇలా దారిలో దింపితే వెంటనే 112కి ఫోను చేయండి, ఆ నిమిషంలో నాకు తట్టలేదు.

వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి పొద్దునే చెప్పాను. రేపు సోమవారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, రెండేళ్ళ లోపు జరిగినదైతే చాలు. అందుకే అడుగుతున్నాను, పోయినేడో ఈ ఏడో వాళ్ళ దగ్గర ఇలాగే డబ్బు పోగొట్టుకున్నవాళ్ళుంటే కట్టిన రసీదులు, స్క్రీన్‌షాట్లు నాకు పంపండి. ఒక్కదాన్ని వెళ్తే మాటకి మాట అంటారు, పదిమందివి కలిపి ఇస్తే అనలేరు. బండి నంబరు, మా వాడు రాసిన మీటరు లెక్క, ఆ మెసేజి అన్నీ నా దగ్గర ఉన్నాయి.

నాన్న ఇప్పుడే లేచారు, మజ్జిగ అడుగుతున్నారు. ఘంటసాల నోట్సు ఉన్న పుస్తకం కూడా ఆ కార్లోనే ఉండిపోయిందట, ఇందాకే చెప్పారు.