పెద్దవాళ్ల టీకాలకు ఇన్సూరెన్స్ డబ్బు: బిల్లు పెట్టుకోవడమా, క్లినిక్‌కే కట్టించడమా, ఏది మేలు?

అమ్మకు డెబ్బై రెండేళ్లు, షుగర్ ఉంది. ఉండేది తిరుపతి కొర్లగుంటలో. నిరుడు ఫ్లూ టీకా వేయించి, పాలసీలో ఆ ఖర్చు ఇస్తామని రాసుంది కదా అని కంపెనీకి బిల్లు పెట్టాను. ఓటీపీ వచ్చేది నా ఫోన్‌కు, నేనుండేది బెంగళూరులో. బిల్లు మీద టీకా బ్యాచ్ నంబర్ లేదని వాళ్లు తిప్పి పంపారు. దాన్ని రాయించుకోవడానికి అమ్మ ఎండలో మళ్లీ క్లినిక్‌కు నడిచింది. ఆ సాయంత్రం ఫోన్‌లో "వచ్చే ఏడు వద్దులే నాయనా, నాకేమవుతుంది" అంది. డబ్బు తర్వాత వచ్చింది గానీ, ఆ మాట నన్ను వదల్లేదు.

అప్పటి నుంచి రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. మనం ముందు కట్టి తర్వాత రాబట్టుకోవడం ఒకటి. కంపెనీయే మన వీధి క్లినిక్‌తో ఒప్పందం చేసుకుని, టీకాకు ఇంత అని నేరుగా కట్టడం ఇంకొకటి.

అసలు చాలా పాలసీల్లో ఈ రెండూ ఉండవు. కుక్క కరిచిన తర్వాత వేసే ఇంజక్షన్ లాంటివి తప్ప టీకాల ఖర్చు ఇవ్వమని రాసుంటుంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటిన వాళ్లందరికీ వచ్చిన 5 లక్షల ఆయుష్మాన్ కార్డు కూడా ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది. ప్రభుత్వ ఉచిత టీకాల కార్యక్రమం ముఖ్యంగా పిల్లలకు, గర్భిణులకు. ఇక మిగిలింది జేబు. ఫ్లూ టీకా రెండు వేల చుట్టూ ఉంటుంది. అక్కి రాకుండా వేసేదైతే డోసు పది వేలపైనే, అదీ 2 నుంచి 6 నెలల తేడాతో రెండు డోసులు. అక్కి లేస్తే కుమ్మరి దగ్గర జాజుతో రాయించుకునేవాళ్లు మా పక్క ఇప్పటికీ ఉన్నారు. దానికి టీకా ఉందని వాళ్లకు చెప్పగలిగేది వాళ్ల బీపీ చూసే చిన్న క్లినిక్కే.

అందుకే నేను క్లినిక్‌కు కట్టే పద్ధతి వైపు ఉన్నాను. అమ్మ వెళ్లగానే కాంపౌండర్ "అవ్వా, ఎడం చెయ్యి పెట్టు, మొన్న కుడి చెయ్యి నొప్పి అన్నావు కదా" అంటాడు. ఆమె రక్తం పలచబడే మాత్ర వేసుకుంటోందని, న్యుమోనియా టీకా ఎప్పుడు పడిందని అక్కడి డాక్టరుకు తెలుసు. కార్డు చూపించి టీకా వేయించుకుని ఇంటికి రావడం మన పెద్దవాళ్లకు కొత్త కూడా కాదు. 2021 మార్చిలో 60 దాటిన వాళ్లకు కోవిడ్ టీకా మొదలైనప్పుడు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, ప్రైవేటులో 250 రూపాయలు. బిల్లు గొడవ లేదు కాబట్టి వెళ్లారు.

కంపెనీలు ఎందుకు వెనకాడతాయో కూడా అర్థమవుతుంది. ఈరోజు టీకాకు వీళ్లు కడితే, రేపు పాలసీ ఇంకో కంపెనీకి మారిపోవచ్చు. అప్పుడు తప్పిన ఆస్పత్రి ఖర్చు ఆ కంపెనీకి మిగులుతుంది. అయినా న్యుమోనియాతో ఒక్కరు ఐసీయూలో చేరితే అయ్యే బిల్లు ముందు టీకా ధర ఎంత?

నాకు భయం ఇంకోచోట ఉంది. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. నవంబరు వానలకు కరెంటు పోతే చిన్న క్లినిక్ ఫ్రిజ్ సంగతేంటి? ఒప్పందం చేసుకునే కంపెనీ బ్యాకప్‌కూ, రోజువారీ టెంపరేచర్ రాసే పుస్తకానికీ డబ్బివ్వాలి. క్లినిక్‌కు చెల్లింపు నెలల తరబడి ఆపితే "స్టాక్ లేదవ్వా" అనే మాట మొదలవుతుంది.

పాకాల దగ్గర పల్లెలో ఉండేవాళ్లకో, ఆరు నెలలు పిల్లల దగ్గర గడిపే వాళ్లకో బిల్లు పద్ధతే నయం. ఒప్పంద క్లినిక్ వాళ్లకు అందుబాటులో ఉండకపోవచ్చు. పాలసీయే లేని పెద్దవాళ్లకు రెండూ అక్కరకు రావు. వాళ్లకు పీహెచ్‌సీలోనే ఉచితంగా వేయాలి.

వచ్చే నెల అమ్మ పాలసీ రెన్యూవల్. ఆ క్లినిక్ పేరు రాసి, అక్కడ టీకా వేస్తే నేరుగా కడతారా అని ఈసారి మెయిల్‌లో అడుగుతున్నాను.