ఐగాట్ కోవిడ్ కోర్సులు: పాఠం బాగుంది, కలిసి నేర్చుకోవడమే లేదు

ఐగాట్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ శిక్షణలో కోవిడ్ కోర్సులు చేసి సర్టిఫికెట్ ఫోన్లో దాచుకున్నవాళ్ళు మన ఆసుపత్రుల్లో వార్డుకి నలుగురైనా ఉంటారు. అవి ఎలా ఉన్నాయి, ఎవరికి పనికొచ్చాయి, ఎక్కడ ఆగిపోయాయి అన్నది మాత్రం తెలుగులో ఎవరూ రాయగా నేను చూడలేదు. నేను ఐసీయూలో సిస్టర్ ఇన్‌చార్జ్‌ని. మొదటి వేవ్‌లో ఇవి చేశాను, మా స్టాఫ్ చేత చేయించాను, వాటితో పాటు ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ ఓపెన్‌డబ్ల్యూహెచ్‌ఓ కోర్సులూ చూశాను. రేపు ఇంకో మహమ్మారి వస్తే మళ్ళీ ఇలాంటివే మన చేతిలో పెడతారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దీక్ష అనే తన ఆన్‌లైన్ చదువుల ప్లాట్‌ఫామ్ మీద వీటిని పెట్టింది. ఉచితం. డాక్టర్లు, నర్సులు, పారామెడికల్ వాళ్ళు, టెక్నీషియన్లు, ఏఎన్ఎంలు, పారిశుధ్య సిబ్బంది మొదలుకొని పోలీసులు, ఎన్‌సీసీ, రెడ్‌క్రాస్ వాళ్ళ దాకా అందరినీ దృష్టిలో పెట్టుకుని చేశారు. కోవిడ్ ప్రాథమిక విషయాలు, పీపీఈ (గౌను, గ్లౌజులు, మాస్కులతో ఉండే రక్షణ కిట్), ఇన్ఫెక్షన్ కంట్రోల్, శాంపిల్ తీయడం, క్వారంటైన్, కేసుల మేనేజ్‌మెంట్, ఐసీయూ కేర్, వెంటిలేటర్ ఇలా విడివిడి కోర్సులు.

ముందు మంచి చెప్తాను, అది నిజంగానే ఉంది. ఆ ఏప్రిల్‌లో మా దగ్గర భయం తప్ప సమాచారం లేదు. వాట్సాప్‌లో వచ్చే వీడియోల్లో ఒకటి గ్లౌజులు ముందు తీయమంటే ఇంకోటి గౌన్ ముందంటుంది. అలాంటప్పుడు పీపీఈ ఏ వరసలో వేసుకోవాలి, ఏ వరసలో విప్పాలి, ప్రమాదమంతా విప్పేటప్పుడే ఎందుకు ఉంటుంది, ఒక్కో మెట్టు తర్వాత చేతులు ఎందుకు శుభ్రం చేసుకోవాలి అన్నది ఒకే చోట, ప్రభుత్వం పేరు మీద దొరకడం పెద్ద ధైర్యం. నైట్ డ్యూటీ మధ్యలో ఫోన్లోనే చూసుకోవచ్చు, ఆపిన చోట నుంచి మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. అప్పటిదాకా వెంటిలేటర్ దగ్గరికే వెళ్ళని జనరల్ వార్డు సిస్టర్లని ఐసీయూకి మార్చిన రోజుల్లో, వాళ్ళకి కనీసం మెషిన్ మీద కనిపించే అంకెల పేర్లు తెలియడానికి ఆ కోర్సు ఉపయోగపడింది. ఈ మేరకు పూర్తి మార్కులు ఇస్తాను.

ఇక నా అసలు ఫిర్యాదు. ఇన్ని వృత్తుల వాళ్ళని ఒకే ప్లాట్‌ఫామ్ మీదకి తెచ్చారు, తెచ్చాక ఎవరి జాబితా వాళ్ళకిచ్చి ఎవరి గదిలో వాళ్ళని కూర్చోబెట్టారు. డాక్టరుకి డాక్టరు కోర్సు, సిస్టర్‌కి సిస్టర్ కోర్సు, శానిటేషన్ వాళ్ళకి వాళ్ళది. రెండు లేదా అంతకన్నా ఎక్కువ వృత్తుల వాళ్ళు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు కలిసి నేర్చుకోవడమే అంతర్‌వృత్తి విద్య అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే రాసి పెట్టింది. ఆ మూడింటిలో 'కలిసి' అన్నది ఇక్కడ ఎక్కడా లేదు. కోలాటంలో ఎవరి అడుగులు వాళ్ళు ఇంట్లో నేర్చుకుని నేరుగా గుడి ముందుకొచ్చి ఆడితే కర్రలు వేళ్ళ మీదే పడతాయి. మా వార్డులో మొదటి వారాలు అలాగే గడిచాయి.

ఉదాహరణకి ఊపిరి బాగా అందడానికి పేషెంట్‌ని బోర్లా తిప్పడం తీసుకోండి. వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని తిప్పాలంటే కనీసం ఐదుగురు కావాలి. తల దగ్గర ట్యూబు పట్టుకుని మత్తు డాక్టరు, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. ఎప్పుడు తిప్పాలో లెక్కపెట్టి చెప్పేది తల దగ్గరున్నవాళ్ళే, మిగతావాళ్ళు తమంతట తాము కదలకూడదు. తిప్పాక ఈసీజీ లీడ్లు వీపు మీదకి మార్చాలి, కళ్ళు, పెదాలు, మందులెక్కించే లైన్లు నలగకుండా చూడాలి, సుమారు 16 గంటలు అలాగే ఉంచాలి. మా ఐదుగురిలో ఒకరు వార్డ్ బాయ్, ఒకరు ముందురోజు వచ్చి చేరిన సిస్టర్. కోర్సులో ఇది పాఠంగా ఉంటే ఉండొచ్చు గానీ, ఐదుగురూ ఒకసారైనా దిండ్లు పెట్టి ప్రాక్టీస్ చేయకుండా ఇది వస్తుందా? రాదు. పైగా ఆ పీపీఈలో ఎవరు డాక్టరో ఎవరు సిస్టరో తెలియదు, మాస్కుల వెనక మాట వినపడదు. వీపు మీద మార్కర్‌తో పేరూ హోదా రాసుకోవడం, చెప్పిన మాటని అవతలివాళ్ళు తిరిగి చెప్పాకే పని మొదలుపెట్టడం మేం వార్డులో నేర్చుకున్నాం. ఈ రెండూ మొదటి పాఠంలోనే ఉండాల్సినవి.

ఇంతకన్నా ముఖ్యమైనది ఆక్సిజన్. చిన్న బి-టైప్ సిలిండర్‌లో దాదాపు 1500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి 10 లీటర్లు పెడితే రెండున్నర గంటలు వస్తుంది. పెద్ద జంబో సిలిండర్‌లో 7000 లీటర్లు. అదే హై ఫ్లో మెషిన్ (ముక్కు గొట్టాల ద్వారా ఎక్కువ వేగంతో ఆక్సిజన్ ఇచ్చేది) మీద నిమిషానికి 60 లీటర్లు పూర్తి ఆక్సిజన్ పెడితే ఆ జంబో కూడా రెండు గంటలు నిండకుండానే ఖాళీ. ఫ్లో పెంచమని రాసేది డాక్టరు, పెంచేది సిస్టరు, కింద మ్యానిఫోల్డ్ గదిలో (సిలిండర్లని వార్డు పైపులకి కలిపే చోట) సిలిండర్లు మార్చేది టెక్నీషియన్, అతనికి మోసుకొచ్చి ఇచ్చేది వార్డ్ బాయ్. ఈ లెక్క నలుగురికీ తెలియాలి. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 92 నుంచి 96 మధ్య ఉంటే చాలు, 99 చూపించాలని ఫ్లో పెంచనక్కర్లేదు అన్న మాట సిస్టర్‌కి తెలిస్తే కింద ఉన్న టెక్నీషియన్‌కి అరగంట మిగులుతుంది. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై పైపుల్లో ఒత్తిడి పడిపోయి 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించిన రోజు మా స్టాఫ్ రూమ్‌లో ఎవరూ అన్నం ముట్టలేదు. ఆ తర్వాత రోజూ షిఫ్ట్ మొదట్లో మ్యానిఫోల్డ్ టెక్నీషియన్‌ని ఫోన్లోకి తీసుకుని ఎంత ఉంది, ఎంతమంది హై ఫ్లో మీద ఉన్నారు అని లెక్క చెప్పుకునేవాళ్ళం. ఆ టెక్నీషియన్ కోసం నాకు కనబడిన కోర్సుల్లో పెద్దగా ఏమీ లేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఇక్కడే.

ఇంకొకటి కూడా లేదు. పైవాళ్ళకి ఎదురు ఎలా చెప్పాలి? 'సార్, డోసు ఇంకోసారి చూడండి' అని కొత్త సిస్టర్ అనగలగాలి, 'మేడం, మీ గౌను వెనక ముడి ఊడింది, ఆగండి' అని ఆయమ్మ డాక్టరమ్మతో అనగలగాలి. మన ఆసుపత్రుల్లో అది ఎంత కష్టమో అందరికీ తెలుసు. కిట్ విప్పేటప్పుడు పక్కన ఒకరు నిలబడి చూడాలని కోర్సు చెప్తుంది, సరే. ఆ పక్కన నిలబడేది ఆయమ్మ అయితే, ఆమె ఆగమంటే సీనియర్ డాక్టరు కూడా ఆగాలని ఎక్కడో ఒకచోట గట్టిగా చెప్పాలి కదా! బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడైతే ఈఎన్‌టీ, కంటి డాక్టరు, షుగర్ చూసే ఫిజీషియన్, మైక్రోబయాలజీ ల్యాబు, దాని మందు ఆంఫోటెరిసిన్ కోసం పరుగులు తీసే ఫార్మసిస్టు, స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్ళ షుగర్ గంటగంటకీ రాసే సిస్టరు, వీళ్ళలో ఒక్కరు మాట్లాడకపోయినా పేషెంట్ కన్ను పోయేది.

ఓపెన్‌డబ్ల్యూహెచ్‌ఓ సంగతి. 2020 జనవరిలోనే కోవిడ్ కోర్సు పెట్టారు, అది మెచ్చుకోవాల్సిన వేగం. క్లినికల్ విషయంలో, ముఖ్యంగా తీవ్రమైన శ్వాస ఇబ్బంది ఉన్న పేషెంట్ల చికిత్స కోర్సులో, లోతు ఎక్కువ. నేను చేసినవి ఇంగ్లీషులోనే చేశాను, మా ఆయమ్మలకి అది అందని సంగతి. కలిసి పనిచేయడం గురించి ఇక్కడా మాటలే, అభ్యాసం లేదు. అంటే లోపం ఒక్క ఐగాట్‌ది కాదు, ఒక్కరే కూర్చుని చూసే వీడియో అన్నదానిదే.

నాకు తెలిసిన ఒక ఆసుపత్రిలో యాజమాన్యం స్టాఫ్ అందరి సర్టిఫికెట్లూ ఫైల్లో పెట్టించుకుని 'టీమ్ ట్రైనింగ్ పూర్తయింది' అని రాసుకుంది. నాకు చాలా బాధేసింది. వందమంది విడివిడిగా పాసైతే టీమ్ అవదు.

మా దగ్గర నిజంగా పని చేసింది షిఫ్ట్ మొదట్లో పదిహేను నిమిషాలు. డ్యూటీ డాక్టరు, సిస్టర్లు, ఫిజియో, వార్డ్ బాయ్, ఆయమ్మ, అందరూ నిలబడే, ఖాళీ బెడ్డు దగ్గర. రోజుకొక్క పని, ఒకరోజు బోర్లా తిప్పడం, ఇంకోరోజు శాచురేషన్ హఠాత్తుగా పడిపోతే అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) ఎవరు పట్టుకుంటారు, డాక్టర్ని ఎవరు పిలుస్తారు. అయ్యాక ఏం కుదరలేదో ముందు ఆయమ్మ, వార్డ్ బాయ్ చెప్తారు, డాక్టరు చివర మాట్లాడతారు. ఈ ఒక్క నియమం వల్ల మాకు తెలిసినన్ని సంగతులు ఏ వీడియోలోనూ తెలియలేదు. బెడ్డు చక్రాలకి బ్రేకు పడట్లేదని మొదట చెప్పింది వార్డ్ బాయే.

ఆశలు పూర్తిగా లేవని కాదు. 2019 నుంచి వచ్చిన ఎంబీబీఎస్ కొత్త కరిక్యులంలో డాక్టరు ఆరోగ్య బృందానికి నాయకుడిగానూ సభ్యుడిగానూ ఉండాలని రాశారు. 'సభ్యుడు' అన్న మాట రాయడం నాకు నచ్చింది. ఆ పాఠం చెప్పే రోజు పక్క భవనంలోని నర్సింగ్ కాలేజీ పిల్లల్ని కూడా పిలుస్తారా లేదా అన్నదే ప్రశ్న. ఒకే కాంపౌండులో నాలుగేళ్ళు చదివి ఒకరి పేరు ఒకరికి తెలియకుండా బయటికొచ్చే పిల్లల్ని నేను ఏటా చూస్తున్నాను.

రేటింగ్ అడిగితే సొంత విషయ పరిజ్ఞానానికి ఐదుకి నాలుగు, టీమ్‌వర్క్‌కి ఐదుకి ఒకటి. కొత్తగా ఐసీయూకి మారే సిస్టర్లు, హౌస్ సర్జన్లు, ల్యాబ్ వాళ్ళు ఇలాంటి కోర్సులు తప్పకుండా చేయండి, ముఖ్యంగా పీపీఈ, ఇన్ఫెక్షన్ కంట్రోల్. నర్సింగ్ సూపరింటెండెంట్లకి, ఆర్‌ఎంవోలకి (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్లకి) నా మాట ఒకటే: కోర్సు ఫోన్లలో ఎవరికి వాళ్ళని చూడమనకుండా సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ మీద వేయండి, ఆ వార్డులో పనిచేసే అన్ని రకాల స్టాఫ్‌నీ కలిపి కూర్చోబెట్టండి, మధ్యలో ఆపి తెలుగులో మాట్లాడించండి, అయిపోగానే వార్డుకి తీసుకెళ్ళి ఒకసారి చేయించండి. మ్యానిఫోల్డ్ టెక్నీషియన్‌ని మాత్రం మర్చిపోకండి.