కేర్ హోమ్‌లో అమ్మ: కొన్నేళ్ల తర్వాత నా రివ్యూ

అమ్మను కేర్ హోమ్‌లో చేర్చి కొన్నేళ్లయింది. గది బాగుంది, శుభ్రంగా ఉంటుంది, భోజనం పర్వాలేదు. చేర్చేముందు అందరూ చూసేవి ఇవే కాబట్టి వాళ్లు కూడా వీటిని బాగానే చూసుకుంటారు.

అసలు చూడాల్సింది రాత్రి డ్యూటీ. ఫ్లోర్ మొత్తానికి ఒక్కరే ఉండేవారు. మంచం మీద కదలలేని మనిషిని సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పమంటారు, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర బెడ్ సోర్స్ (ఒత్తిడికి పడే పుండ్లు) వస్తాయి. తిప్పడానికి ఇద్దరు కావాలి, ఉన్నది ఒకరు. ఇక తిప్పేదెవరు? చార్టులో మాత్రం తిప్పినట్టు టిక్ పడుతుంది. అమ్మ మడమ ఎర్రగా కందిపోయిన రోజు కూడా చార్ట్ నిండుగానే ఉంది. రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి మీద ఒళ్లు మండింది. తీరా చూస్తే, రావాల్సిన మనిషి ఉద్యోగం మానేయడంతో ఆమె పగటి షిఫ్ట్ చేసి మళ్లీ రాత్రికి ఉండిపోయింది.

ఈ మానేయడాలే పెద్ద సమస్య. జీతం తక్కువ, నడుములు విరిగే పని, ఎవరూ నిలవరు. అమ్మ మెల్లగా మింగుతుందని కొత్తవాళ్లకు తెలియదు. గబగబా పెడితే పొలమారుతుంది, భయపడి ప్లేట్ తీసేస్తారు, ‘తినలేదు’ అని రాస్తారు. డైపర్లు మార్చే పని తగ్గుతుందని నీళ్లు కూడా తక్కువే ఇస్తారు. నీళ్లు చాలక పెద్దవాళ్లు అయోమయంగా మాట్లాడితే, గొడవ చేస్తున్నారని మత్తు మందు. ఇలా వాడేవాటిలో యాంటీసైకోటిక్‌లు, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకిచ్చే మందులు, కూడా ఉంటాయి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న వృద్ధులకు వీటిలో కొత్త తరం మందులు ఇస్తే చనిపోయే ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. కాబట్టి మందుల చీటీ ప్రతిసారీ అడిగి చూడండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం, ఇలాంటి చోట్ల పనిచేసేవాళ్లలో ముగ్గురిలో ఇద్దరు, గడిచిన ఏడాదిలో ఏదో ఒక రకంగా వృద్ధులను వేధించామని తామే ఒప్పుకున్నారు. అంతమందీ చెడ్డవాళ్లే అంటే నేను నమ్మను.

అలాగని దుర్మార్గులు లేరని కాదు. ఒకతను పక్క గది పెద్దాయన్ని చెయ్యి పట్టి ఈడ్చేవాడు. ఆయన చెప్పుకోలేరు, ఆయన్ని చూడటానికి వచ్చేవాళ్లూ లేరు. తోటి స్టాఫ్‌కి తెలుసు, నోరెత్తితే కష్టమైన డ్యూటీలు తమ నెత్తిన పడతాయని ఊరుకున్నారు. అమ్మ జోలికి మాత్రం అతను రాలేదు. నేను వేళాపాళా లేకుండా వస్తానని తెలుసు కదా!

కొన్ని కుటుంబాలవాళ్లం కలిసి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాక అతన్ని తీసేశారు, రాత్రికి రెండో మనిషిని పెట్టారు. పండగలకీ సెలవులకీ మళ్లీ ఒక్కరే. అమ్మ ఇంకా అక్కడే ఉంది. ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను. మీవాళ్లను ఎక్కడైనా చేర్చేముందు, రాత్రి ఫ్లోర్‌కి ఎంతమంది ఉంటారో, ఒకరు రాకపోతే బదులు ఎవరొస్తారో, పోయిన ఏడాది ఎంతమంది మానేశారో అడగండి. రూములు తర్వాత చూడొచ్చు.