దమ్ము లాగితే పొగ రావాలి కదా: నికరాగ్వా మడూరో టోరో, బాక్స్ అడుగుకొచ్చాక నా రేటింగ్

ఇది నికరాగ్వా సిగార్, మడూరో అంటే ముదురు రంగు పై ఆకు, టోరో అంటే దాని సైజు. రుచి గురించి అందరూ రాసేశారు. కోకో, బ్లాక్ కాఫీ, మిరియాల ఘాటు, చివర్లో ఎండుద్రాక్ష తీపి, అన్నీ నిజమే, నేను మళ్ళీ ఆ లిస్టు చదవను. సైజు, రింగ్ గేజ్ (సిగార్ లావు), ఆకు నికరాగ్వాలో ఎస్తెలీ ప్రాంతానిదా హలాపా ప్రాంతానిదా అనేది కూడా మీకు తెలిసిందే. నా గొడవంతా ఒక్కదాని గురించే, డ్రా, అంటే దమ్ము ఎంత సులువుగా వస్తుందన్నది. ఇంత పోసి కొన్న సిగార్ నోట్లో పెట్టుకుని లాగితే పొగ రావాలా వద్దా? ఈ బాక్స్‌లో కొన్ని హాయిగా లాగుతాయి, కొన్ని లాగవు, ఏది ఏ రకమో కట్ చేసి కోల్డ్ డ్రా, అంటే వెలిగించకముందే లాగి చూసినా ఒక్కోసారి తెలీదు. బ్రాండ్ పేరు కావాలనే రాయట్లేదు, ఈ జబ్బు చేత్తో చుట్టేవాటిలో చాలావాటికి ఉంది.

బాగున్నది మాత్రం చాలా బాగుంటుంది, అది ఒప్పుకోవాలి. మొదట్లో తాగినవి నా అదృష్టమో ఏమో గానీ ఒక్కటీ ఇబ్బంది పెట్టలేదు, పొగ ఒత్తుగా వెన్నలా నాలుకకి తగిలేది, బూడిద అంగుళం దాకా రాలకుండా నిలబడేది, కాస్త పొగ ముక్కులోంచి వదిలితే ఆ మిరియం ఘాటు తర్వాత తీపి మెల్లగా తేలేది. ఆ ఊపులోనే నోట్‌బుక్‌లో వందకి 93 అని రాసి కింద గీత కూడా గీశా.

తర్వాత ఒక ఆదివారం సాయంత్రం, ఎవరూ కదిలించకుండా రెండు గంటలు ఖాళీ చేసుకుని కూర్చున్నా. మొదటి మూడో వంతు బంగారంలా నడిచింది. సగానికి వస్తుండగా దమ్ము బిగుసుకోవడం మొదలైంది, ఇంకాసేపటికి బుగ్గలు లోపలికి పోయేలా లాగినా పొగ సన్నగా దారంలా వస్తోంది, తడికట్టెల పొయ్యి ముందు కూర్చున్నట్టే అనుకోండి. వేళ్ళతో నొక్కుకుంటూ పోతే బ్యాండ్‌కి (కంపెనీ పేరుండే కాగితపు పట్టీకి) కాస్త కింద గట్టిగా ముడిలాంటిది తగిలింది. బొటనవేలితో మెత్తగా నలిపి చూశా, లాభం లేదు. డ్రా టూల్ ఉంటుంది కదా, సన్నటి ఇనప పుల్లకి ముళ్ళలా గాట్లు ఉంటాయి, అది తోసి తిప్పి లాగితే రెండు ఈనె ముక్కలు ఊడొచ్చాయి, నాలుగు దమ్ములు బాగానే వచ్చాయి, అంతలో ఒక పక్క జోరుగా కాలిపోయి ఇంకో పక్క అలాగే మిగిలిపోయింది. గట్టిగా లాగితే నిప్పు వేడెక్కి చేదు, వదిలేస్తే ఆరిపోవడం, మళ్ళీ వెలిగిస్తే నోరంతా తారు. సగం ఉండగానే పక్కన పెట్టేశా.

ఊరుకోబుద్ధి కాక చల్లారాక బ్లేడుతో నిలువునా చీల్చి చూశా. పై ఆకు నూనె మెరుపుతో చక్కగా ఉంది, దాని కింద లోపలి ఆకుల్ని పట్టి ఉంచే బైండర్ ఆకు కూడా శుభ్రంగా ఉంది, లోపల లిగేరో ఆకు మాత్రం నిటారుగా పరుచుకోవాల్సింది పోయి మెలి తిరిగి అడ్డంగా పడుకుని ఉంది, ఆ మెలిక దగ్గర తారు ఊరి వేలికి జిగురులా అంటుకుంది. లిగేరో అంటే మొక్క పైకొసన ఎండంతా తాగి మందంగా పెరిగే ఆకు, అసలే నెమ్మదిగా కాలుతుంది, అందుకే సరిగ్గా మధ్యలో పెడతారు. అక్కడే మెలిక పడితే ఇక గాలికి దారెక్కడ? లోపల నింపే ఒక్కో ఫిల్లర్ ఆకునీ విడిగా గొట్టంలా చుట్టి కలిపితే ఈ బాధ తక్కువ, దాన్నే ఎంటుబాడో అంటారు, టైం పట్టే పని. చాలా ఫ్యాక్టరీల్లో పై ఆకు చుట్టకముందే గాలి ఎంత లాగుతుందో చూసే మెషీన్ కూడా ఉంటుంది, మరి ఇది దాన్ని ఎలా దాటొచ్చిందో వాళ్ళకే తెలియాలి.

ఒక మంచి సంగతి కూడా ఉంది. హ్యూమిడార్‌లో (సిగార్లు దాచే పెట్టెలో) తేమ 70 శాతం దగ్గర ఉంచాలని అందరూ చెప్పే లెక్కే నేనూ పాటించేవాణ్ణి, ఈ గొడవ తర్వాత మిగిలినవన్నీ తీసి తేమని 65 శాతం దగ్గర నిలిపే బోవేడా ప్యాక్‌తో వేరే డబ్బాలో పెట్టేసి చాలా వారాలు ముట్టుకోలేదు. పొగాకు తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, మడూరో పై ఆకు మందం కాబట్టి దీనికి ఇంకా ఎక్కువ, ఆ తేమ దిగేసరికి కాస్త బిగుతుగా ఉండే సిగార్లు బాగా వదులయ్యాయి, కాలడం కూడా చుట్టూ సమానంగా వచ్చింది, మళ్ళీ మళ్ళీ వెలిగించే పని తప్పింది. నేనింత తేడా అనుకోలేదు. కాకపోతే నేను పైన పొగిడిన వెన్నలాంటి పొగ 65 దగ్గర కొంచెం పల్చబడింది, తీపి కూడా ఓ మెట్టు దిగింది. ఇక లోపల ఆకే మెలి తిరిగినవాటికి ఏ ప్యాకూ మందు కాదు, ఆ తర్వాత కూడా తగిలాయి.

బ్యాండ్ తీసేసి ఏ కంపెనీదో తెలీకుండా తాగి మార్కులిచ్చేవాళ్ళ మీద నాకు గౌరవమే, కానీ ఒకటో రెండో తాగి ఇచ్చే మార్కు ఆ ఒకటి రెండిటిదే, బాక్స్ మొత్తానిది కాదు.

నా సంగతి వేరు, అది కూడా లెక్కేసుకోండి. ఎప్పుడో తీరిక దొరికితే ఒకటి తాగుతా, నిమిషానికో దమ్ము, తొందరేం లేదు. పెద్ద సిగార్ ఒక్కదాంట్లో ఓ సిగరెట్ ప్యాకెట్టంత పొగాకు ఉండొచ్చు, పొగ మింగకపోయినా నికోటిన్ నోట్లోంచే ఎక్కుతుంది, కాబట్టి ఇది పాడైందని ఇంకోటి వెలిగించే పని నేను పెట్టుకోను, ఆ సాయంత్రం అంతటితో సరి. హ్యూమిడార్ నిండా ఉండి, ఒకటి లాగకపోతే అవతల పడేసి ఇంకోటి తీసేవాళ్ళకి ఇది పెద్ద విషయం అనిపించకపోవచ్చు, వాళ్ళ లెక్కలో 90 దాటినా నేను కాదనను. నేను మాత్రం రుచికి 93 అలాగే ఉంచి మొత్తానికి 86 వేస్తున్నా. ఇంకో బాక్స్ అయితే కొనను, ఐదు సిగార్ల ప్యాక్ దొరికితే తీసుకుంటా, అవి కూడా 65లో కొన్నాళ్ళు పడుకున్నాకే కట్టర్ పెడతా.