ఆపి ఉంచిన క్యారవాన్‌లో ఎలుకలు: జాలి, స్ప్రే, అల్ట్రాసోనిక్, బోను వాడి చూశాక

చలిదేశాల్లో మోటర్‌హోమ్‌ని (మనం క్యారవాన్ అనే, ఇల్లులా అమర్చిన బండిని) శీతాకాలమంతా మూలన పెట్టేస్తారు. హైదరాబాద్‌లో అది తిరగబడుతుంది. మనకు చలికాలమే తిరిగే కాలం, బండి కదలకుండా పడి ఉండేది వానల్లో. మ్యాన్‌హోళ్లు పొంగి ఎలుకలు సెల్లార్లలోకి ఎక్కేదీ అప్పుడే. శామీర్‌పేట, మేడ్చల్ వైపు ఖాళీ స్థలంలో పెట్టేవాళ్లకు ఇంకో గండం ఉంది: వానాకాలం వరి కోతలు కాగానే పొలం ఎలుకలన్నీ కొత్త చోటు వెతుక్కుంటాయి.

టెంపో ట్రావెలర్‌ని మార్చి కట్టించిన క్యారవాన్‌లో కొన్నేళ్లుగా వాడిన సరుకు గురించి ఈ సమీక్ష. ముందే చెప్పేస్తా: డబ్బంతా జాలికి పెట్టండి, మిగిలితే బోనుకి. సీసాల్లో, ప్లగ్గుల్లో అమ్మేవాటిని నమ్ముకుని బండి వదిలేయకండి.

జాలి అంటే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుదే. కన్ను 5 మిల్లీమీటర్లు దాటకూడదు, ఎందుకంటే పెన్సిలు పట్టే కంతలో చిట్టెలుక పట్టేస్తుంది. రాణిగంజ్‌లో అడిగితే కొలతకు కోసి ఇస్తారు. జీఐ (జింకు పూత వేసిన ఇనుము) జాలి చవక, కానీ బండి కింద బురద తగిలే చోట కోసిన అంచుల దగ్గర్నుంచి తుప్పు మొదలవుతుంది. ముక్కని కంత కంటే అన్ని వైపులా అంగుళం ఎక్కువ ఉంచి, అంచులు లోపలికి మడిచి, వాషరు వేసి స్క్రూలు బిగించాలి, చుట్టూ సీలెంటు పూయాలి. మడత మానేస్తే ఎలుక కంటే ముందు ఆ అంచే వైరింగుని కోస్తుంది, బండి అదురుకి. కింద నుంచి డ్రిల్లు వేసే ముందు పైన డీజిల్ పైపు, బ్రేకు పైపు ఎక్కడున్నాయో చూసుకోవాలి.

పైపుల చుట్టూ ఉండే గుండ్రటి సందులకు జాలి కుదరదు. అక్కడ గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, పైన సీలెంటు పెడితే చాలు. మామూలు ఇనుప పీచు ఒక్క వానాకాలానికే పొడి అయిపోతుంది. బ్యాటరీ టెర్మినళ్లు, ఫ్యూజు పెట్టె దరిదాపుల్లో మాత్రం స్టీలు పీచు వద్దు, పోగు ఊడిపడితే షార్టు అవుతుంది. ఇక స్ప్రే ఫోమ్, అంటే కంతలో కొడితే ఉబ్బి గట్టిపడే నురగ. దాన్ని ఒక్కదాన్నే కొట్టి పని అయిందనుకునే మెకానిక్కులు చాలామంది ఉన్నారు. అది గాలిని ఆపుతుంది, ఎలుకని ఆపదు.

కంతలు దొరికించుకోవడానికి ఖర్చు లేని పద్ధతి: రాత్రి బండి లోపల గట్టి లైటు వేసి, చాప పరుచుకుని కింద పడుకుని చూడండి. వెలుతురు కారే ప్రతి చోటూ గుర్తు పెట్టండి. సింకు నీళ్లు పోయే పైపు, గేరు రాడ్డు రబ్బరు తొడుగు, బయటి కరెంటు కేబులు మూత, వైరింగు దిగే రబ్బరు బిరడాలు, ముందు అద్దం కింద ఏసీకి గాలి పీల్చే చోటు: దాదాపు ఎప్పుడూ ఇవే. అయినా లోపల అలికిడి ఉంటే నేల మీద ముగ్గుపిండి పల్చగా చల్లి తలుపులు వేసేయండి. పొద్దున్నకి చిన్న చిన్న వేళ్ల గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత కనబడతాయి. ఆ గీత ఏ మూలకి పోతే అక్కడే కంత.

ఒక్క కంతని మాత్రం మూయకూడదు: గ్యాసు సిలిండరు అరలో నేలకు ఉండేది. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే అది కిందకే పోవాలి. దానికి జాలి మాత్రమే, సీలెంటు చుక్క కూడా లోపలికి రాకుండా.

ఎలుకల్ని తరిమే స్ప్రేలు, పుదీనా నూనె, డ్రైవర్లు బానెట్ కింద కట్టే పొగాకు ఆకులు, అన్నిటిదీ ఒకటే కథ. వాసన ఉన్నంతకాలమే పని. వారాల తరబడి ఆగి ఉన్న బండికి మళ్లీ మళ్లీ కొట్టేది ఎవరు? కలరా ఉండలు ఇంకా అన్యాయం, ఆ వాసన పరుపుల్లోకి దిగి ఎలుకలు పోయాకా పోదు, పైగా ఆ ఆవిరి మనకి మంచిది కాదు. మన చెవికి అందని శబ్దంతో ఎలుకల్ని తరుముతుందని అమ్మే అల్ట్రాసోనిక్ యంత్రం శబ్దం పరుపుని, చెక్కని దాటదు, ఎలుకలకీ త్వరగానే అలవాటైపోతుంది. దానికి ఐదు మార్కులకి ఒకటి ఇస్తా, అదీ దాని లైటు చీకట్లో బాగుంటుందని.

స్ప్రింగు బోను (చెక్క పలక మీద వచ్చేది) నిక్కచ్చిగా పనిచేస్తుంది, పెట్టే తీరు తెలిస్తే. ఎలుకలు గోడ వారనే నడుస్తాయి కాబట్టి ఎర ఉన్న వైపు గోడకు తగిలేలా అడ్డంగా పెట్టాలి. ఎరగా పల్లీపట్టి బాగుంటుంది, కొద్దిగా వేడి చేసి మెత్తబడ్డాక నొక్కితే అతుక్కుపోతుంది, లాక్కుపోలేదు. పెద్ద ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం, అందుకే మొదట రెండు మూడు రాత్రులు స్ప్రింగు ఎక్కించకుండా ఎర మాత్రం తిననివ్వాలి. జిగురు అట్టలు వద్దు. దుమ్ము పడితే పట్టు పోతుంది, పడ్డ జీవి గంటల తరబడి కొట్టుకుంటుంది.

విషం బిళ్లలు బండి లోపల అసలే వద్దు. బ్రోమాడియోలోన్ రకం తిన్న ఎలుక చావడానికి రోజులు పడుతుంది, ఈలోగా ప్యానెల్ వెనక దూరుతుంది. ఆ తర్వాత కంపు ఎక్కడిదో తెలియక గోడలు ఊడదీయాలి. బయట పడి చస్తే దాన్ని తిన్న పిల్లికీ గండమే.

బండి ఆపే ముందు బియ్యం, పిండి, బిస్కెట్లతో పాటు సబ్బులు, కొవ్వొత్తులు కూడా దించేయాలి, అవీ కొరుకుతాయి. బయటి కరెంటు కేబులు పీకేయండి, అది వాటికి నిచ్చెన. నేల దాకా కవరు కప్పకండి, కింద చీకటి గూడు కట్టించినట్టే. సైలెన్సరు గొట్టానికి జాలి ముడి పెడితే స్టీరింగుకి ఎర్ర గుడ్డ కట్టండి, జాలి తీయడం మరిచి స్టార్టు చేయకుండా ఉండేందుకు.

ఎలుక పెంటికలు కనబడితే పొడి చీపురు పట్టకండి. ఎలుక మూత్రంతో ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) వస్తుంది, పొడి దుమ్ము ఊపిరిలోకి పోతుంది. తలుపులు అరగంట తెరిచి పెట్టి, గ్లవ్స్, మాస్కు వేసుకుని, ఒక వంతు బ్లీచు ద్రవానికి (పౌడరు కాదు) తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తడిపి, ఐదు నిమిషాలు ఆగి కాగితాలతో ఎత్తేయండి.

మళ్లీ బండి తీసేటప్పుడు తాళంచెవి తిప్పే ముందే బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టరు పెట్టె, క్యాబిన్ ఫిల్టరు చూడండి, గూడు అక్కడే ఉంటుంది. గ్యాసు పైపుకి సబ్బు నురగ రాసి వాల్వు తెరవండి. మామూలు రబ్బరు పైపే ఉంటే తీసేసి, లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న సురక్ష పైపు వేయించండి, పంటి గాటు కనబడినా కనబడకపోయినా.